జ్వరం రిపోర్టు చేరాల్సిన మరో చోటు

తిరుపతిలో ఉదయం ప్రైవేటు ల్యాబ్‌లో రక్తం ఇచ్చి వచ్చినవారికి సాయంత్రానికల్లా డెంగీ రిపోర్టు వాట్సాప్‌లో వచ్చేస్తుంది. అదే ఫలితం వైద్య ఆరోగ్య శాఖకు తెలియాలంటే మాత్రం, టెక్నీషియన్ చేతిలో పని ముగించుకుని రోగి పేరు, వయసు, ఊరు, ఫోన్ నంబరు మళ్లీ పోర్టల్‌లో టైపు చేయాలి. జ్వరాల సీజన్‌లో శాంపిళ్లు కుప్పపడే రోజుల్లో మొదట వాయిదా పడేది ఈ పనే.

2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమంలో ఏఎన్ఎంలు ఎస్ ఫారం, వైద్యులు పీ ఫారం, ల్యాబ్‌లు ఎల్ ఫారం నింపి వారానికోసారి పంపేవారు. 2021 ఏప్రిల్‌లో వచ్చిన ఐహెచ్ఐపీ (సమగ్ర ఆరోగ్య సమాచార వేదిక) 33 వ్యాధుల సమాచారాన్ని ఏ రోజుది ఆ రోజే ఆన్‌లైన్‌లో నమోదు చేసే వీలు కల్పించింది. ఈ తేడా చిన్నది కాదు. డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్డు ఎగిరే దోమ కావడానికి మన ఎండలకు వారం పది రోజులు చాలు కనుక, దోమల నివారణకు వారం ఆలస్యంగా వీధిలోకి వెళ్లిన సిబ్బందికి ఎదురయ్యేది కొత్త దోమలే.

అయితే కాగితం మీది ఫారం కంప్యూటరులోకి ఎక్కినంత మాత్రాన దాన్ని ఎలక్ట్రానిక్ రిపోర్టింగ్ అనలేం. బిల్లింగుకూ రిపోర్టు ముద్రణకూ ల్యాబ్ వాడే సాఫ్ట్‌వేరే, ఫలితం ఖరారు కాగానే దాన్ని శాఖకు పంపాలి. అందుకు ఒక్కో పరీక్షను గుర్తించడానికి అంతర్జాతీయంగా వాడే లోయింక్ సంకేతాల వంటివి అవసరం. నిమిషాల్లో ఫలితమిచ్చే ర్యాపిడ్ కార్డుతో చేసినా, ల్యాబ్ యంత్రంతో చేసే ఎలైసా పరీక్షతో చేసినా రోగి దృష్టిలో అది డెంగీ పాజిటివే. ప్రభుత్వ లెక్కలో ఎలైసా ఫలితానికే నిర్ధారణ విలువ. ఏ పద్ధతిలో చేశారో చెప్పే సంకేతం ఫలితంతోపాటే వెళితే, ప్రైవేటు లెక్కకూ సర్కారు లెక్కకూ ఎందుకు పొంతన కుదరడం లేదో కొంతైనా తేలుతుంది. పలమనేరులోనో పుత్తూరులోనో ఒకే టెక్నీషియన్‌తో నడిచే ల్యాబ్‌కు ఈ అనుసంధానం ఉచితంగా సమకూర్చాల్సింది ప్రభుత్వమే; నోటీసులతో ఆ పని జరగదు.

మన ప్రాంతంలో అసలు చిక్కు చిరునామాది. గుడిపాల మనిషి జ్వరమొస్తే వేలూరు వెళతాడు, ఫలితం తమిళనాడులో నమోదవుతుంది. అది సరిహద్దు దాటి అతని ఊరి పీహెచ్‌సీకి తిరిగి రావాలి. (ఆ వేలూరులోనే 1980లలో డాక్టర్ టి.జాకబ్ జాన్ ఉత్తర ఆర్కాడు జిల్లా వైద్యుల నుంచి పోస్టుకార్డుల మీద వ్యాధుల సమాచారం తెప్పించుకున్నారు.) తిరుపతిలో కథ తిరగబడుతుంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన భక్తుణ్ని డెంగీ దోమ తన ఊళ్లోనే కుట్టి ఉండొచ్చు. జ్వరంతో లాడ్జిలో పడుకున్న అతణ్ని కుట్టి, డెంగీని ఇతరులకు మోసే దోమ మాత్రం ఇక్కడి వీధిదే. కాబట్టి రెండు చిరునామాలూ కావాలి. ల్యాబ్ కౌంటరులోని అమ్మాయి మాత్రం ‘ఏ ఊరు?’ అనే అడుగుతుంది. ‘ఇక్కడ ఎక్కడ దిగారు?’ అన్న ప్రశ్నకు ఆమె ముందున్న తెర మీద గడి లేదు.