మాటిచ్చిన కోచ్ వెళ్లిపోయాక

2025 నవంబర్ 1న అమెరికాలో కొలంబస్‌లోని ఒహాయో స్టేడియానికి కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ జిమ్ నోల్స్ మళ్లీ వచ్చారు. ఈసారి ఎదుటి జట్టు మనిషిగా. ఆ ఏడాది జనవరి 20న ఒహాయో స్టేట్ యూనివర్సిటీ జట్టు నోటర్‌డామ్‌ను 34-23తో ఓడించి జాతీయ చాంపియన్ అయినప్పుడు, ఆ జట్టు డిఫెన్స్ నడిపింది ఆయనే. కప్పు తెచ్చిన సంబరం చల్లారకముందే పెన్ స్టేట్ యూనివర్సిటీ ఏటా సగటున 31 లక్షల డాలర్ల జీతం ఎర వేసింది. ఆయన మూట సర్దుకున్నారు. తీరా వెళ్లాక సీజన్ తిరగబడింది. దేశంలో రెండో ర్యాంకుతో మొదలైన పెన్ స్టేట్ వరుసగా ఓడింది, అక్టోబర్‌లో హెడ్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను ఇంటికి పంపేసింది. కొలంబస్‌లో ఆ రోజు స్కోరు ఒహాయో స్టేట్ 38, పెన్ స్టేట్ 14. సీజన్ అయ్యాక నోల్స్ టెనెస్సీ యూనివర్సిటీ దారి పట్టారు. ఏడాది తిరక్కుండా మూడు రాష్ట్రాలు, మూడు జట్లు.

మన పాఠకుల్లో చాలామందికి ఈ ఆట కొత్తే. ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదు; హెల్మెట్లు పెట్టుకుని, కోడిగుడ్డులా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తేది. అమెరికాలో చదువుకునే మన పిల్లలకు మాత్రం దీని సంగతి బాగా తెలుసు. శరదృతువులో శనివారం వచ్చిందంటే వాళ్ల క్యాంపస్‌లో పార్కింగ్ దొరకదు. ఒహాయో స్టేట్, పెన్ స్టేట్ స్టేడియాల్లో ఒక్కో ఆటకు లక్ష మందికి పైగా కూర్చుంటారు. ఇంత జనం చూసే ఆటలో టీవీలో కనబడేది హెడ్ కోచ్ ముఖం. పని నడిపేది ఆయన వెనకున్న అసిస్టెంట్లు. అటాక్‌కు ఒక కోఆర్డినేటర్, డిఫెన్స్‌కు ఒక కోఆర్డినేటర్, వాళ్ల కింద బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌లకు ఒకరు, ముందు వరసలో ఢీకొనే లైన్‌మెన్‌కు ఒకరు, విసిరిన బంతిని అందుకునే రిసీవర్లకు ఒకరు. చీకటి గదిలో వీడియో ముందుకీ వెనక్కీ తిప్పుతూ "నీ ఎడమ కాలు ఎక్కడుందో చూడు" అని పందొమ్మిదేళ్ల కుర్రాడికి ఇరవై సార్లు చూపించేది వాళ్లే. ఆ కుర్రాణ్ని కాలేజీకి తెచ్చిందీ వాళ్లే. ఊరూరా తిరిగి, స్కూలు ఆటలు చూసి, ఇంటికెళ్లి వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని, తల్లి పెట్టింది తిని, "మీవాణ్ని నేను చూసుకుంటానమ్మా" అని మాటిచ్చేది కూడా వాళ్లే.

అసిస్టెంట్లు పోతే ఏం పోయింది అనేవాళ్లు లూసియానాకేసి చూడాలి. 2019లో అక్కడి లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) జట్టు పదిహేనుకు పదిహేను ఆటలు గెలిచింది. దేశంలో ఉత్తమ అసిస్టెంట్‌కు ఇచ్చే బ్రాయిల్స్ అవార్డు ఆ ఏడాది ఆ జట్టులోని జో బ్రేడీకి వచ్చింది. 2020 జనవరిలో బ్రేడీ ప్రొఫెషనల్ లీగ్‌లోని కరోలినా పాంథర్స్‌కు వెళ్లారు. డిఫెన్స్ నడిపిన డేవ్ అరాండా బేలర్ యూనివర్సిటీకి హెడ్ కోచ్ అయ్యారు. హెడ్ కోచ్ అదే ఎడ్ ఆర్జరాన్, స్టేడియం అదే, రంగులు అవే. మరుసటి ఏడాది ఐదు గెలుపులు, ఐదు ఓటములు. ఆటగాళ్లు కూడా చాలామంది వెళ్లిపోయారు కాబట్టి నెపమంతా ఇద్దరి మీదే వేయలేం. కానీ వాళ్లు లేని లోటు ప్రతి శనివారం కనబడింది.

ఎక్కువ జీతానికి వెళ్లేవాణ్ని తప్పుపట్టడం మాకు ఇష్టం లేదు. ఈ వృత్తిలో అడుగు మెట్టు ఎలా ఉంటుందో చూస్తే ఆ మాట అనబుద్ధి కాదు. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరినవాడికి దక్కేది ఫీజు మినహాయింపు, చేతి ఖర్చులకు కొంత స్టైపెండ్. పని తెల్లవారుజామున మొదలై అర్ధరాత్రి దాకా. ఆ తర్వాత చిన్న కాలేజీల్లో ఏళ్లకు ఏళ్లు, రెండేళ్లకో ఊరు, పిల్లలకు రెండేళ్లకో స్కూలు. ఇంత చేసి పైకి వచ్చినా ఉద్యోగం తన చేతిలో ఉండదు. హెడ్ కోచ్ ఓడితే ఆయనతో పాటు గది మొత్తం ఖాళీ చేయాలి, ఎందుకంటే కొత్తగా వచ్చేవాడు తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. 2023లో టెక్సాస్ ఏ అండ్ ఎమ్ తన హెడ్ కోచ్ జింబో ఫిషర్‌ను పంపేస్తే ఆయనకు రావాల్సింది 7.5 కోట్ల డాలర్లకు పైనే. అసిస్టెంట్లకు అలాంటి మెత్తటి పరుపు ఉండదు. గెలిచినన్నాళ్లే ఓడ మల్లయ్య, ఓడితే బోడి మల్లయ్య. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని వాళ్లకు తోచిందంటే, అది నేర్పింది యూనివర్సిటీలే.

జీతాలకు కళ్లెం వేస్తే సరిపోతుందనే వాదన ఒకటి ఎప్పుడూ వినిపిస్తుంది. అది చేసి చూశారు. కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ 1990ల మొదట్లో, ఫుట్‌బాల్‌ను వదిలేసి మిగతా ఆటల్లో కిందిస్థాయి కోచ్‌లకు ఏడాదికి 16,000 డాలర్లకు మించి ఇవ్వకూడదని రూలు పెట్టింది. చదువుల కాలానికి 12,000, వేసవికి 4,000. బాస్కెట్‌బాల్ కోచ్‌లు కొందరు కోర్టుకెళ్లారు. పోటీ చట్టం ప్రకారం ఇది చెల్లదని 1998లో అప్పీలు కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది ఎన్‌సీఏఏ 5.45 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. ఖర్చు తగ్గించుకుందామని మొదలుపెట్టి తల బొప్పి కట్టించుకున్న ఆ కథ ఇప్పటి అధికారులకు ఇంకా గుర్తుంది. అందుకే ఆటగాళ్లకు పంచే సొమ్ముకు హద్దు పెట్టారు గానీ కోచ్‌ల జోలికి పోలేదు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం మొదటి ఏడాది ఒక యూనివర్సిటీ తన ఆటగాళ్లందరికీ కలిపి నేరుగా ఇవ్వగలిగింది సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఆ కుర్రాళ్లకు నేర్పేవాడి జీతానికి హద్దే లేదు.

ఇక డబ్బు ఎక్కణ్నుంచి వస్తోందన్నది చూడాలి. పెద్ద కాన్ఫరెన్సులకు, అంటే యూనివర్సిటీ జట్ల కూటములకు, టీవీ ఉంది. 2023లో మొదలైన బిగ్ టెన్ కాన్ఫరెన్సు ఏడేళ్ల ప్రసార ఒప్పందాల విలువ 700 కోట్ల డాలర్లకు పైమాటే. చిన్నవాళ్లకు అలాంటి కామధేనువు లేదు. వర్జీనియా కొండల్లో హారిసన్‌బర్గ్ అనే ఊళ్లో జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ ఉంది. అక్కడ క్రీడల ఖర్చులో అధిక భాగం విద్యార్థుల ఫీజుల నుంచే వస్తుంది. ఒక్కో విద్యార్థి క్రీడల కింద కట్టేది ఏటా 2,000 డాలర్లకు పైనే. బంతి ముట్టని పిల్ల కూడా కట్టాలి. ఆ డబ్బుతో ఆ యూనివర్సిటీ చేసిందేమిటంటే, ఇతరుల కోసం కోచ్‌లను తయారుచేయడం. 2016 మొదట్లో హెడ్ కోచ్ ఎవరెట్ విథర్స్ టెక్సాస్ స్టేట్‌కు వెళ్లారు. 2018 డిసెంబర్‌లో మైక్ హ్యూస్టన్ ఈస్ట్ కరోలినాకు వెళ్లారు. 2023 నవంబర్ ఆఖర్లో కర్ట్ సిగ్నెటీ ఇండియానాకు, 2025 డిసెంబర్‌లో బాబ్ చెస్నీ యూసీఎల్‌ఏకు. పదేళ్లలో నలుగురు.

సిగ్నెటీ ఒంటరిగా వెళ్లలేదు. డిఫెన్స్ నడిపిన బ్రయంట్ హేన్స్‌ను, అటాక్ నడిపిన మైక్ షానహాన్‌ను వెంట తీసుకెళ్లారు. వాళ్ల వెనకే పదిమందికి పైగా ఆటగాళ్లు కూడా కదిలారు. ఓడిపోవడమే అలవాటైన ఇండియానా 2024లో ప్లేఆఫ్‌కు చేరింది, 2026 జనవరిలో జాతీయ చాంపియన్ అయింది. మేము ఆ జట్టు గెలుపును తక్కువ చేయడం లేదు, నిజానికి అది అబ్బురమే. కానీ ఆ పంటకు నారు పోసింది హారిసన్‌బర్గ్‌లో, విద్యార్థుల ఫీజు నీళ్లతో. కోత మాత్రం ఇండియానా యూనివర్సిటీ ఉన్న బ్లూమింగ్టన్‌లో. హెడ్ కోచ్ గడువుకు ముందే వెళ్తే పాత యూనివర్సిటీకి బైఅవుట్ (ఒప్పందం మధ్యలో తెంచుకున్నందుకు కట్టే సొమ్ము) కింద ఎంతో కొంత ముడుతుంది. అసిస్టెంట్ల విషయంలో ఆ సొమ్ము తరచూ నామమాత్రమే, పెద్ద పదవికి వెళ్తుంటే అదీ మాఫీ అయ్యేలా రాసుకుంటారు. పెంచినవాడికి మిగిలేది మళ్లీ ఒక ప్రకటన, మళ్లీ ఇంటర్వ్యూలు.

డబ్బు కన్నా మమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది క్యాలెండర్. స్కూలు కుర్రాళ్లు యూనివర్సిటీలకు సంతకాలు చేసేది డిసెంబర్ మొదట్లో. కోచ్‌ల సంత కూడా అప్పుడే వేడెక్కుతుంది. 2025 నవంబర్ 30న ఏం జరిగిందో చూశాం. ఓల్ మిస్ (మిసిసిపి యూనివర్సిటీ) జట్టు ప్లేఆఫ్ ముంగిట నిలబడి ఉండగా హెడ్ కోచ్ లేన్ కిఫిన్ ఎల్‌ఎస్‌యూకు వెళ్లిపోయారు. అటాక్ వైపు అసిస్టెంట్లు పలువురు ఆయన వెంటే. డిఫెన్స్ చూసే పీట్ గోల్డింగ్‌ను అప్పటికప్పుడు హెడ్ కోచ్‌ను చేశారు. విచిత్రం ఏమిటంటే, ఎల్‌ఎస్‌యూలో ఉద్యోగం ఖాయం చేసుకున్న అటాక్ కోఆర్డినేటర్ చార్లీ వైస్ జూనియర్ ప్లేఆఫ్ కోసం వెనక్కి వచ్చి ఓల్ మిస్‌కు ఎత్తుగడలు చెప్పారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టి నడిచారని నవ్వుకోవచ్చు. మాకైతే ఆయన మీద గౌరవమే కలిగింది. తన గదిలో కుర్రాళ్ల సీజన్ పూర్తి కాకుండా వదిలేయడం ఇష్టంలేక వచ్చిన మనిషి ఆయన. అలా రావడం ఒకరి మంచితనం మీద ఆధారపడకూడదన్నదే మా బాధ. మిగతావాళ్లు రాకపోతే అడిగే నాథుడు లేడు.

మరి ఆటగాళ్ల సంగతి? హెడ్ కోచ్ మారితే వేరే కాలేజీకి వెళ్లడానికి వాళ్లకు విడిగా కొన్ని రోజుల గడువు ఇస్తారు. అసిస్టెంట్ మారితే ఇవ్వరు. 2026లో అందరికీ ఉమ్మడిగా ఇచ్చిన బదిలీ గడువు జనవరి 2 నుంచి 16 వరకు. తలుపు మూశాక, జనవరి ఆఖర్లోనో ఫిబ్రవరిలోనో లైన్‌మెన్ కోచ్ వెళ్లిపోతే, ఆయన్ను నమ్మి వచ్చిన కుర్రాడు ఉన్నచోటే ఉండాలి. ఆటగాళ్లకు విశ్వాసం లేదు, డబ్బు కోసం జట్లు మారుతున్నారు అని టీవీల్లో ఉపన్యాసాలిచ్చే కోచ్‌లు గడిచిన పదేళ్లలో ఎన్ని ఊళ్లలో ఇళ్లు మారారో ఎవరూ అడగరు.

మేము అడిగేవి పెద్ద మార్పులు కావు. జట్టు చివరి ఆట అయ్యేదాకా మరో యూనివర్సిటీ దాని కోచింగ్ సిబ్బందితో బేరం మొదలుపెట్టకూడదు. ప్రొఫెషనల్ లీగ్‌లో ప్లేఆఫ్ ఆడుతున్న జట్ల కోచ్‌లతో ఎప్పుడు మాట్లాడాలో తేదీలతో సహా రూళ్లున్నాయి. కాలేజీలకు అవి అసాధ్యమంటే నమ్మడం కష్టం. రెండోది, విద్యార్థుల ఫీజు మీద నడిచే యూనివర్సిటీ నుంచి పెద్ద కాన్ఫరెన్సు జట్టు కోఆర్డినేటర్‌ను తీసుకుంటే ఆయన కొత్త జీతంలో ఒక ఏడాది మొత్తానికి సమానమైన సొమ్ము పాత యూనివర్సిటీకి కట్టాలి. 30 లక్షల డాలర్ల జీతం ఇవ్వగలిగినవాళ్లకు అది భారం కాదు. ఆ సొమ్ము కొత్త స్కోర్‌బోర్డుకు కాకుండా విద్యార్థుల ఫీజు తగ్గించడానికి వెళ్లాలన్నది మా షరతు. దీన్ని కోచ్ జేబులోంచి కోయకూడదు. కోస్తే మళ్లీ 1990ల నాటి కోర్టు గుమ్మమే గతి.

మూడోది అన్నిటికన్నా చవక. కుర్రాడు సంతకం చేసే కాగితంలో యూనివర్సిటీ పేరు ఉంటుంది, స్కాలర్‌షిప్ ఉంటుంది, ఇప్పుడు డబ్బు లెక్క కూడా ఉంటోంది. వంటగదిలో కూర్చుని మాటిచ్చిన మనిషి పేరు మాత్రం ఉండదు. ఆ పేరు కూడా రాయాలి. ఆ పేరున్న మనిషి ఏ నెలలో వెళ్లినా, ఆ కుర్రాడికి కొత్త జట్టు చూసుకోవడానికి పదిహేను రోజులు ఇవ్వాలి.