గాలికి పోయే గుండు

మా ఎదురింటాయన తన కొడుకు పదకొండో పుట్టినరోజుకు ఎయిర్ గన్ కొనిచ్చారు. నాలుగో రోజున మా మిద్దె మీది నీళ్ల ట్యాంకుకు చిల్లు పడింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను అనడం లేదు. నెల్లూరు వేదాయపాళెంలో ముప్పై ఏళ్లుగా ఇరుగుపొరుగుతో మర్యాదగా నెట్టుకొస్తున్నవాణ్ణి, సాక్ష్యం లేకుండా ఒకరి మీద నింద వేయను. చిల్లు గుండ్రంగా, పెన్సిలు మొన దూరేంత ఉందనీ, అందులోంచి నీళ్లు సన్నటి దారంలా వంగి వచ్చి, మా ఆవిడ పాత చీర మీద ఎండబెట్టిన గుమ్మడి వడియాల మీద పడుతున్నాయనీ, ట్యాంకు ఖాళీ చేస్తే అడుగున నడుము సన్నటి సీసపు గుండు ఒకటి దొరికిందనీ మాత్రం మనవి చేస్తున్నాను.

ఆ గుండును అరచేతిలో పెట్టుకుని ఎదురింటికి వెళ్లాను. ఆయన దాన్ని రెండు వేళ్లతో తీసుకుని వెలుతురులో తిప్పి చూసి, "మా మిద్దెకూ మీ మిద్దెకూ ఎంత దూరం ఉంటుంది మాస్టారూ?" అని అడిగారు. పన్నెండు మీటర్లు ఉండవచ్చన్నాను. "విన్నావా, పన్నెండు మీటర్లట!" అన్నారు లోపలి గదివైపు తిరిగి. ఆ గొంతులో పశ్చాత్తాపం కోసం వెతికాను. ఉన్నదంతా పుత్రోత్సాహమే. ఆ తరువాత నావైపు తిరిగి, "అయినా అది తుపాకీ కాదండీ, బొమ్మ. మీ ట్యాంకే పాతబడిపోయింది" అన్నారు. ట్యాంకు తప్పు ఒప్పుకున్నాను. ఆ పిల్లవాడు పుట్టక ముందే, అతనికి సరిగ్గా ఎదురుగా దాన్ని పెట్టించిన నా తొందరపాటు కూడా ఒప్పుకున్నాను.

నాకు న్యాయశాస్త్రంలో ప్రవేశం లేదు. ట్యాంకుకు చిల్లు పడ్డాక కొంత ప్రవేశం దొరికింది. అప్పటి నుంచి చదివి తెలుసుకున్నది ఏమిటంటే, ఎయిర్ గన్ అనేది రూపాలు మార్చగల వస్తువు. కొనేటప్పుడు అది నిఖార్సయిన తుపాకీ. "కోతి పడుతుందా?" అని అడిగి మరీ ఆరు వేలు లెక్కపెడతారు. స్నేహితులకు చూపించేటప్పుడు రైఫిలు. ఏదైనా పగిలిన మరుక్షణం బొమ్మ. ఇన్ని అవతారాలు మన పెంచలకోన నరసింహస్వామికి కూడా లేవు.

ప్రభుత్వం మాత్రం దాన్ని బొమ్మ అనలేదు. 2016 నాటి ఆయుధ నియమావళిలో ఎయిర్ గన్ ఆయుధాల మధ్యనే ఉంది. గొట్టం రంధ్రం 4.5 మిల్లీమీటర్లు మించకుండా, గుండు బయటికి వచ్చేటప్పటి శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదని మినహాయించారు, అంతే. లైసెన్సు అక్కర్లేదంటే ప్రమాదం లేదని మన జనం అర్థం చేసుకున్నారు. కత్తిపీటకూ లైసెన్సు అక్కర్లేదు. అయినా దానికి రంగు కాగితం చుట్టి పుట్టినరోజు కానుకగా ఇచ్చిన తండ్రిని నేనింకా చూడలేదు.

జౌలు అంటే ఏమిటో మరిచిపోయి చాలా కాలమైంది కనుక కాగితం, పెన్ను తీసుకుని లెక్క కట్టాను. అర గ్రాము గుండుకు 20 జౌళ్ల శక్తి ఇస్తే అది సెకనుకు దాదాపు 280 మీటర్లు పోతుంది. మా ఎదురింటి తుపాకీ అందులో సగం బలానిదే అనుకున్నా 200 మీటర్లు. అంటే వాళ్ల మిద్దె నుంచి మా మిద్దెకు రావడానికి, మనిషి రెప్ప వాల్చేంత సమయం కూడా పట్టదు. ఆ పిల్లవాణ్ణి కంటికి రెప్పలా పెంచుకుంటున్నామని వాళ్లమ్మ ఎప్పుడూ చెబుతుంటుంది. మిగతా వాళ్ల కళ్లకున్న రెప్పల సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఇక వయసు దగ్గరికి వద్దాం. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఏడేళ్లలోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదు. ఏడు నుంచి పన్నెండు మధ్య వాళ్లయితే, చేసిన పని ఏమిటో, దాని ఫలితం ఏమిటో తెలిసేంత పరిపక్వత ఉందా లేదా అని చూడాలి. పాత శిక్షాస్మృతిలోనూ ఇదే మాట ఉండేది. చాలా మంచి మాట. చిక్కల్లా మా ఎదురింటి బాబు పరిపక్వతను కొలవడంలోనే ఉంది. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్పించారు. ఇంటికి ఎవరు వెళ్లినా కాఫీకి ముందు ఆ బాబు చేత దేశాల రాజధానులు చెప్పిస్తారు. బుర్కినా ఫాసో రాజధాని నేను అక్కడే తెలుసుకున్నాను. "వీడి బుర్ర ఇరవై ఏళ్ల వాడి బుర్రండీ" అని సంక్రాంతికి ఆయన నాతో అన్నారు. నేను గుండు పట్టుకుని వెళ్లిన సాయంత్రం మాత్రం "పసివాడు మాస్టారూ, వాడికేం తెలుసు?" అన్నారు. ఒకే బుర్ర పండగకు ఇరవై ఏళ్లకు పెరిగి, ఫిర్యాదుకు ఆరేళ్లకు తగ్గడం న్యాయ సంహిత రాసినవాళ్లు ఊహించినట్టు లేదు.

పిల్లవాణ్ణి వదిలేద్దాం, తండ్రిని పట్టుకోవచ్చా? పిల్లవాడు చేసిన నష్టానికి, తండ్రి అయినంత మాత్రాన తండ్రి బాధ్యుడు కాడు. తండ్రి అజాగ్రత్తను విడిగా నిరూపించాలి. మన లా కాలేజీల్లో ఈ సంగతి చెప్పడానికి రెండు ఇంగ్లండు కేసులు చెబుతారు. విచిత్రం, రెండూ ఎయిర్ గన్నులవే. 1916 కేసులో తండ్రి పదిహేనేళ్ల కొడుక్కి గన్ ఇచ్చాడు. వాడు ఏదో ఆగడం చేశాడని ఫిర్యాదు వచ్చినా దాన్ని తిరిగి తీసుకోలేదు. ఆ తరువాత ఇంకొకరి కంటికి దెబ్బ తగిలింది. తండ్రి బాధ్యుడన్నారు. 1952 కేసు లివర్‌పూల్‌ది. అక్కడి తండ్రి పదమూడేళ్ల కొడుకుతో, ఇంటి నేలమాళిగలో తప్ప బయట కాల్చవద్దని చెప్పాడు. వాడు సందులోకి వెళ్లి కాల్చాడు. ఐదేళ్ల బిడ్డ కంటికి తగిలింది. తండ్రి తగిన జాగ్రత్త తీసుకున్నాడని వదిలేశారు.

ఆ తండ్రిని నేలమాళిగ కాపాడింది. నెల్లూరులో నేలమాళిగ ఎవరింట్లో ఉంది? మనకున్నది మిద్దె. మిద్దె ఎక్కితే ట్యాంకులు, కాకులు, ఆరేసిన చొక్కాలు, కింద వీధిలో వేపచెట్టు, చెట్టు కింద ఇస్త్రీ బండి కనిపిస్తాయి.

మొన్న ఒక గుండు ఆ బండి రేకు కప్పుకు తగిలి 'టింగు'మంది. బండి చక్రం పక్కన గోనెపట్టా పరుచుకుని ఇస్త్రీ ఆమె చిన్న కూతురు ఎక్కాలు రాసుకుంటోంది. ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆ ఎదురింటి మేడ నుంచి వారానికి ముప్పై జతల బట్టలు ఆమెకు ఇస్త్రీకి వస్తాయి. బొగ్గులపెట్టె పక్కకు దించి, బండిని తోసుకుంటూ వీధి చివర ఎండలోకి మార్చుకుంది. ఈ వ్యవహారం మొత్తంలో తక్షణం బాధ్యత తీసుకున్న వ్యక్తి ఆమె ఒక్కతే.

రెండో వ్యక్తి కూడా ఉన్నాడు, కానీ ఏడాదికి ఒకసారే కనిపిస్తాడు. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ జరిగేటప్పుడు, చెరువుకు వెళ్లే దారిలో బుడగలు కాల్చే దుకాణం పెడతాడు. చెక్క మీద వరసలుగా బుడగలు, వెనక మందపాటి గోనె తెర, ముందు అడ్డంగా తాడు. నా కళ్లతో చూశాను: ఒక పెద్దమనిషి గురి చూస్తూ చూస్తూ, ఫొటో కోసం తుపాకీతో సహా వెనక్కి తిరిగాడు. దుకాణంవాడు ఒక్క అంగలో వచ్చి గొట్టాన్ని చేత్తో పట్టుకుని, "మూతి బుడగలకేసి ఉండాలి సార్" అని పక్కకు తిప్పేశాడు. చిన్నపిల్లలకు తుపాకీ చేతికి ఇవ్వడు. తానే పట్టుకుని, వాళ్ల వేలు మాత్రం మీటకు తగిలిస్తాడు. ఐఐటీ ఫౌండేషన్ చదివినవాడిలా లేడు. గురిముల్లు వంచి ఉంటాడని నా అనుమానం, అది వేరే సంగతి.

ఆ చెరువులో కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు అందుకుంటారు. చదువు రొట్టె ఉంది, ఉద్యోగం రొట్టె ఉంది, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె ఉన్నాయి. పుట్టిన సంతానాన్ని అదుపులో పెట్టే రొట్టె ఎవరైనా ఇస్తారేమోనని సాయంత్రం దాకా నడుముల్లోతు నీళ్లలో నిలబడ్డాను. జలుబు చేసింది.

కేసు పెట్టండని మా బావమరిది సలహా ఇచ్చాడు. నిర్లక్ష్యంతో ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చే పనికి న్యాయ సంహిత 125వ సెక్షన్ ఉంది. ఎవరికీ దెబ్బ తగలకపోతే మూడు నెలల వరకు జైలు గానీ, 2,500 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ. జరిమానా తుపాకీ ఖరీదులో సగం కూడా లేదు. కన్ను పోతే శిక్ష పెరుగుతుంది. ఎవరిదైనా కన్ను పోయేదాకా ఆగి కేసు పెడదామని బావమరిది అన్నాడు. వాడు ఒంగోలులో ఉంటాడు.

నిన్న గేటు దగ్గర ఎదురింటాయన దిగులుగా కనిపించారు. ఇంటర్ చదివే పెద్దమ్మాయి కాలేజీకి స్కూటీ మీద వెళతానని రెండు రోజులుగా అన్నం మానేసిందట. "పదహారేళ్ల పిల్లకు బండి ఎలా ఇస్తాను మాస్టారూ? పట్టుబడితే తండ్రికి మూడేళ్ల జైలు, 25 వేల జరిమానా అట. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పాతికేళ్లు వచ్చేదాకా పిల్లకు లైసెన్సే రాదు" అని 2019 నాటి మోటారు వాహనాల చట్ట సవరణ అంతా పొల్లుపోకుండా అప్పజెప్పారు. "తండ్రన్నవాడికి ఆ మాత్రం బాధ్యత ఉండాలా వద్దా, మీరే చెప్పండి."

ఉండాలన్నాను. ఆయన చొక్కా జేబు మీద చెయ్యి వేసి స్కూటీ తాళంచెవి ఉందో లేదో తడిమి చూసుకున్నారు. అంతలో పైన వాళ్ల మిద్దె మీద, గొట్టం వంచి గుండు పెట్టి మళ్లీ మూసిన 'టక్' అనే చప్పుడు వినిపించింది. మా మిద్దె మీద మా ఆవిడ వడియాల చీరను నాలుగు మూలలూ పోగేసి పట్టుకుని, మెట్లవైపు నడిచింది.