చివరి మెట్టు ఫొటో

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాలను 21 రకాలుగా లెక్కగట్టింది. ఇందరికి ఏ పని నేర్పాలన్న చిక్కుముడిని మన వృత్తిశిక్షణ నిర్వాహకులు ఒక్క వస్తువుతో విప్పేశారు: కొవ్వొత్తి. చూపులేనివారికీ, వినపడనివారికీ, మేధోవైకల్యం ఉన్నవారికీ అదే. ఇన్వర్టర్ల కాలంలో ఎవరు కొంటారని అడగడం కుసంస్కారం.

పని తేలికేమీ కాదు. రెండు రెక్కల అల్యూమినియం అచ్చు లోపల దూదితో నూనె రాయాలి. నూనె తగ్గితే కొవ్వొత్తి అచ్చుకు అంటుకుని విరిగి వస్తుంది. గాడుల్లో దారం బిగించి చుట్టాలి. వదులైతే వత్తి పక్కకు జరిగి, వెలిగించాక ఒకవైపే కారుతుంది. మైనం గిన్నెను నేరుగా మంటమీద పెట్టకుండా మరుగుతున్న నీళ్ళలో ఉంచి కరిగించాలి. పోశాక చల్లారేకొద్దీ కుంచించుకుపోయి నడుమ గుంట పడుతుంది కనుక మళ్ళీ కాస్త పోయాలి. పాతికేళ్ళవాణ్ణి ఇంత కష్టపెట్టడమా? నూనె మేడమ్ గారే రాస్తారు. దారం మేడమ్ గారే చుట్టేస్తారు. మైనం ఆయమ్మ పోస్తుంది. ‘పిల్లలు’ చప్పట్లు కొడతారు.

శాస్త్రీయత లేదనుకునేరు! మేధోవైకల్యం ఉన్నవారికి పని నేర్పేటప్పుడు దాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, చివరి మెట్టు ముందు నేర్పే పద్ధతి ఒకటుంది. మొదట అచ్చు తెరిచి కొవ్వొత్తి తీయడం, అది వచ్చాక దాని ముందరి మెట్టు, ఆపైన దాని ముందరిది. ఇలాగైతే నేర్చుకునేవాడికి ప్రతిరోజూ ‘నేనే పూర్తిచేశా’నన్న తృప్తి దక్కుతుంది. మనవాళ్ళు దీన్ని తు.చ. తప్పకుండా పాటించారు. చివరి మెట్టు కొవ్వొత్తి పట్టుకుని ఫొటోకు నిలబడటం. అది అందరికీ బ్రహ్మాండంగా వచ్చేసింది. ముందరి మెట్టుకు దిగేలోపే బ్యాచ్ అయిపోయింది.

‘పది దాకా లెక్కపెట్టలేడు, ప్యాకింగుకు పనికిరాడు’ అని ఒకతని ఫైల్లో రాసుకున్నారు. చెక్కపలక మీద పది గాడులు చెక్కిస్తే అంకెలతో పనే లేదు. గాడికొకటి పెట్టుకుంటూ పోతాడు, ఖాళీ గాడి కంటికే కనపడుతుంది, అన్నీ నిండితే ప్యాకెట్ తయారు. కానీ ఆ పలక ఖర్చు ఏ పద్దులో రాయాలి? ఫ్లెక్సీకైతే పద్దు ఉంది.

దీపావళికి స్టాలు పెట్టారు. ‘మా పిల్లల చేతులతో చేసినవి’ అని బోర్డు. కొవ్వొత్తులకు వంక పెట్టలేం. వత్తి సరిగ్గా నడిమధ్యనే ఉంది. మేడమ్ గారి చేయి తిరిగింది మరి.