చంటిబిడ్డ రాత్రి లేస్తే జలుబు మందు పట్టమనే సందేశానికి జవాబు

‘చంటిబిడ్డ రాత్రంతా లేవకుండా నిద్రపోవడానికి బామ్మల చిట్కాలు’ అనే వాట్సాప్ సందేశం కొన్నాళ్లుగా బంధువుల నుంచి, స్నేహితుల నుంచి వస్తూనే ఉంది. చదివి ఊరుకుంటూ వచ్చాను. ఈ మధ్య కొత్తగా తల్లి అయిన ఒక సహోద్యోగి అదే సందేశాన్ని నాకు పంపి, ‘వీటిలో ఏది ముందు మొదలుపెట్టమంటారు?’ అని అడిగారు. ఇక ఊరుకోవడం తప్పవుతుంది.

సందేశం చెప్పేది క్లుప్తంగా ఇది. మూడో నెల దాటిన బిడ్డ రాత్రి 8 గంటలు ఏకబిగిన నిద్రపోవాలి, పోవడం లేదంటే తల్లికి పాలు చాలడం లేదని అర్థం. అందుకని పడుకోబెట్టే ముందు సీసాలో రాగి జావ పట్టాలి, నాలుకకు తేనె రాయాలి, గసగసాలు నూరి పాలలో కలపాలి, బోర్లా పడుకోబెట్టాలి, దిష్టి తీయాలి, సాయంత్రం నూనె రాసి లాల పోయాలి, ఏడ్చినా ఎత్తుకోకూడదు. వీటన్నిటికీ లొంగని బిడ్డకు అర చెంచా జలుబు మందు పట్టాలి.

దిష్టి గురించి వాదన అనవసరం. తీసేవాళ్లు తీసుకోవచ్చు, మిరపకాయల పొగ బిడ్డకు తగలకుండా చూసుకుంటే చాలు.

పాలు చాలడం లేదన్న మాట ఈ సందేశంలో అన్నిటికంటే బలహీనమైనది, బాలింత మనసును అన్నిటికంటే ఎక్కువగా గాయపరిచేది కూడా అదే. పసివాళ్ల నిద్రలో ఒక్కో ఆవృత్తం, అంటే తేలిక నిద్ర, గాఢ నిద్ర కలిసిన ఒక విడత, దాదాపు గంటకు మించదు, ఆవృత్తం ముగిసినప్పుడల్లా వాళ్లు కదులుతారు, కొన్నిసార్లు లేస్తారు. కెనడాలో జరిపి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, 6 నెలల పిల్లల్లో 38 శాతం మంది, ఏడాది నిండిన వాళ్లలో 28 శాతం మంది రాత్రి వరుసగా 6 గంటలైనా నిద్రపోవడం లేదని తేలింది. 3 సంవత్సరాల వయసులో చూసినప్పుడు వాళ్ల ఎదుగుదలలో తేడా ఏమీ కనిపించలేదు. పాలు సరిపోతున్నాయా అన్నది రాత్రి మెలకువలను లెక్కబెట్టి తేల్చే విషయం కాదు. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా బట్టలు తడుపుతున్నాడా, అంగన్‌వాడీ కార్డులో బరువు గీత పైకి పోతోందా అన్నవే దానికి గుర్తులు. పాలను ఊరించే ప్రొలాక్టిన్ హార్మోన్ రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది కాబట్టి, తొలి నెలల్లో రాత్రి పాలు మాన్పిస్తే, లేని కొరతను మనమే తెచ్చిపెట్టిన వాళ్లమవుతాం. ఆ తరువాత ‘నీకు పాలు పడలేదు’ అని ఆ తల్లినే అంటాం. ఈ అన్యాయం ఎన్ని ఇళ్లలో జరుగుతోందో ఆలోచించండి.

రాగి జావ విషయంలో మాత్రం ఒకటి ఒప్పుకోవాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1,303 మంది పిల్లలతో చేసిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. 3 నెలల నుంచే ఘనాహారం మొదలుపెట్టిన పిల్లలు మిగిలిన వాళ్లకంటే కొంచెం ఎక్కువసేపు నిద్రపోయారన్నది నిజమే. ఆరో నెలలో కనిపించిన ఆ తేడా రాత్రికి దాదాపు 17 నిమిషాలు. పడుకునే ముందు సీసాలో బియ్యప్పిండి కలిపి పడితే నిద్రలో మార్పేమీ ఉండదని 1989లోనే అమెరికాలో ఒక పరీక్ష చూపించింది. పావుగంట నిద్ర కోసం, మెడ నిలవని బిడ్డకు పడుకోబెట్టి చిక్కని జావ సీసాతో పట్టి, పొలమారే ప్రమాదాన్నీ నీళ్ల విరేచనాల ప్రమాదాన్నీ నెత్తికెత్తుకోవాలా? మన పెద్దలు అన్నప్రాశన ఆరో నెలలో పెట్టారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 6 నెలలు నిండాకే అంటోంది. బామ్మల పేరు వాడుకుంటున్న ఈ సందేశం బామ్మల మాటను కూడా వినలేదు.

ఏడాది నిండని బిడ్డకు తేనె వద్దు. అందులో ఉండగల బొటులినం అనే సూక్ష్మజీవి బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం కండరాలను చచ్చుబడేలా చేస్తుంది. వేడిచేసినంత మాత్రాన ఆ బీజాలు చావవు.

గసగసాలు నల్లమందు మొక్క గింజలు. కాయ పాలు అంటుకున్న గింజల మీద మార్ఫిన్ మిగిలి ఉండవచ్చు, అది ఏ పొట్లంలో ఎంత ఉందో వంటింట్లో ఎవరూ చెప్పలేరు. పెద్దవాళ్ల కూరలో లెక్కకు రాని ఆ మోతాదు నెలల బిడ్డ ఊపిరిని మందగింపజేయగలదు. ఒకప్పుడు బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలు పనికి వెళ్లే ముందు పిల్లలకు నల్లమందు కలిసిన ‘బాలగోలీ’ పెట్టేవారు. వాళ్లకు వేరే దారి లేకపోయింది. మనకేం వచ్చింది?

ఇక జలుబు మందు. సందేశంలో ఇది చివరి ఉపాయంగా, ఏమంత విశేషం కానట్టు, ఒక్క వాక్యంలో ఉంది. పిల్లల జలుబుకు మందుల షాపుల్లో బాగా అమ్ముడుపోయిన ఒక రకం చుక్కల మందును చూద్దాం. దాని ఒక్కో మిల్లీలీటరులో మత్తు కలిగించే క్లోర్‌ఫెనిరమిన్ 2 మిల్లీగ్రాములు, ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ 5 మిల్లీగ్రాములు ఉంటాయి. అర చెంచా అంటే రెండున్నర మిల్లీలీటర్లు, అంటే 5 మిల్లీగ్రాముల క్లోర్‌ఫెనిరమిన్. పెద్దవాళ్లు ఒక పూటకు వేసుకునే మాత్రలో ఉండేది 4 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషిని తూగేలా చేసే మందును అంతకు మించిన మోతాదులో 6 కిలోల బిడ్డకు పట్టమంటున్నారు, అదీ ఇంట్లో చేతికందిన చెంచాతో! సరిగ్గా ఈ మిశ్రమాన్నే 4 సంవత్సరాల లోపు పిల్లలకు వాడరాదని సీసా మీద ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. క్లోర్‌ఫెనిరమిన్ కోవకే చెందిన ప్రొమెథజిన్ అనే మందు వల్ల పసిపిల్లల్లో ఊపిరి ఆగి మరణాలు సంభవించడంతో, 2 సంవత్సరాల లోపు వారికి ఇవ్వకూడదని అమెరికా ఔషధ సంస్థ 2004లోనే తీవ్ర హెచ్చరిక చేర్చింది.

‘కొంచెం మత్తుగా పడుకుంటాడు, అంతే కదా’ అనే వాళ్లకు ఒక్క విషయం చెప్పాలి. ముక్కు మూసుకుపోయినా, దుప్పటి ముఖం మీద పడినా, ఊపిరి క్షణకాలం ఆగినా పసిబిడ్డను కాపాడేది ఉలిక్కిపడి లేవగలగడమే. మత్తు మందు ముందుగా మొద్దుబార్చేది ఆ శక్తినే. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసిన దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయారు. ఆ తరువాత, 2 సంవత్సరాల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ డాక్టర్లకే చెప్పింది. ఆ పిల్లలకు కనీసం జబ్బు చేసిందని మందు పట్టారు. మీరు ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు పట్టమంటున్నారు. ఇది ఫార్వర్డ్ చేసే ముందు ఒక్కసారైనా చదివారా? చదివి కూడా పంపి ఉంటే, ఆ బిడ్డ బాధ్యత మీరు తీసుకుంటారా?

బోర్లా పడుకున్న పిల్లలు గాఢంగా నిద్రపోతారన్నది అబద్ధం కాదు. ఆ గాఢతే ప్రమాదం. అమెరికాలో 1990ల్లో పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం చేశాక, నిద్రలో సంభవించే ఆకస్మిక శిశు మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. గట్టి పరుపు మీద, ఆవాల దిండు కూడా లేకుండా, వెల్లకిలా పడుకోబెట్టాలి.

ఏడ్చినా ఎత్తుకోవద్దన్న సలహా మీద పూర్తిగా విరుచుకుపడాలనే అనుకున్నాను గానీ, అది న్యాయం కాదు. 6 నెలలు దాటి, బరువు బాగా పెరుగుతున్న బిడ్డను కొద్ది నిమిషాలు ఆగి, పలకరించి, మళ్లీ కొంచెం ఎక్కువసేపు ఆగే పద్ధతిలో అలవాటు చేస్తే తల్లీబిడ్డల అనుబంధానికి హాని జరగలేదని ఆస్ట్రేలియాలో జరిపిన పరీక్షలు చూపించాయి. ఇష్టమైన వాళ్లు చేయవచ్చు, మనసొప్పని వాళ్లు మానవచ్చు. మూడు నెలల పసికందుకు మాత్రం ఇది వర్తించదు.

సాయంత్రం నూనె మర్దన, లాల మంచివే. రోజూ ఒకే వేళకు, ఒకే వరుసలో లాల పోసి, పాలిచ్చి, దీపం తగ్గించి, జోల పాడితే పిల్లలు త్వరగా నిద్రలోకి జారుకుంటారు. పగలు వెలుతురులో ఆడించడం, రాత్రి పాలిచ్చేటప్పుడు లైటు వేయకుండా, మాటలు లేకుండా కానివ్వడం, రెప్పలు బరువెక్కినా ఇంకా మెలకువగా ఉన్నప్పుడే ఉయ్యాలలో వేయడం కూడా పనిచేస్తాయి, కాకపోతే రోజులు పడుతుంది. 6 నెలలు దాటిన బిడ్డ నిద్రలో అదేపనిగా దొర్లుతూ, పాలిపోయి కనిపిస్తే రక్తహీనత ఉందేమో చూపించాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 6 నుంచి 59 నెలల పిల్లల్లో 67 శాతం మందికి అది ఉంది. రోజూ గురక పెడుతున్నా, చెవి పట్టుకుని ఏడుస్తున్నా, బరువు పెరగకపోయినా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాలి.