రాజనీతి శాస్త్రంలో ఆనర్స్: ఊళ్లోని కాలేజీకీ అందాలి

డిగ్రీ ఫలితాలు రాగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట ‘ఎంత పర్సంటేజీ వచ్చింది?’ అనే. నాలుగేళ్ల డిగ్రీ వచ్చాక ఆ ప్రశ్నకు బరువు పెరిగింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో ప్రకటించిన విధానం ప్రకారం మూడేళ్లలో 120 క్రెడిట్లు (కోర్సుల బరువును లెక్కించే యూనిట్లు) సాధిస్తే డిగ్రీ, నాలుగేళ్లలో 160 సాధిస్తే ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏడు 12 క్రెడిట్ల పరిశోధన వ్యాసం రాసి ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’ పట్టా అందుకోవచ్చు. ఆనర్స్ పూర్తిచేసినవాళ్లకు పీజీ ఏడాదిలో అయిపోతుంది. మంచి మార్కులుంటే పీజీ చేయకుండానే పీహెచ్‌డీ ప్రవేశానికీ అర్హత వస్తుంది. పేదింటి పిల్లలకు అలా ఏడాది చదువు ఖర్చు తగ్గడం చిన్న విషయం కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి సింగిల్ మేజర్ విధానం వచ్చింది. హెచ్‌ఈపీ పేరుతో చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం మూడూ సమానంగా చదివిన బీఏ స్థానంలో ఇప్పుడు రాజనీతి శాస్త్రాన్నే మేజర్‌గా తీసుకుంటున్నారు. ఒక సబ్జెక్టును లోతుగా చదివే అవకాశాన్ని మేము స్వాగతిస్తున్నాం. మా ఆందోళన నాలుగో ఏడు గురించే.

రీసెర్చ్ ఆనర్స్ నడపాలంటే ఆ విభాగంలో పీహెచ్‌డీ గైడ్లుగా గుర్తింపు పొందిన శాశ్వత అధ్యాపకులు కనీసం ఇద్దరు ఉండాలన్నది యూజీసీ షరతు. షరతు న్యాయమైనదే. కానీ ఒక్క లెక్చరరే అన్ని పేపర్లూ చెప్పే కాలేజీలో 78 శాతం తెచ్చుకున్న అమ్మాయి ఏం చేయాలి? నగరానికి వెళ్లాలి, హాస్టల్ ఫీజు కట్టాలి. లేదంటే పరిశోధన లేని ఆనర్స్‌తో సరిపెట్టుకోవాలి, అదీ కుదరకపోతే మూడేళ్లకే చదువు ఆపుకోవాలి. మార్కులు తెచ్చుకోవడం వరకే ఆమె చేతిలో ఉంది.

నిజానికి ఈ సబ్జెక్టులో పరిశోధనకు పల్లెను మించిన చోటు లేదు. ఫ్రెంచి తత్వవేత్త మాంటెస్క్యూ అధికారాల విభజన సిద్ధాంతాన్ని మెటీరియల్ బట్టీపట్టి రాస్తే మార్కులు పడొచ్చు. అదే విద్యార్థిని సొంతూరి పంచాయతీ ఆఫీసులో తీర్మానాల పుస్తకం తెరిస్తే ఏమేం కనిపిస్తాయి? గ్రామసభకు ఎందరు వచ్చారు, మహిళలవి ఎన్ని సంతకాలు, ఎన్ని వేలిముద్రలు, మంచినీళ్ల పైపు ఏ వీధి దాకా వెళ్లి ఆగింది, తీర్మానం ఎవరు ప్రతిపాదించారు... సర్పంచి కుర్చీ మహిళకు రిజర్వయిన ఊళ్లో నిర్ణయం ఎవరిదో ఆ పేజీలను పట్టి చూసి, నలుగురితో మాట్లాడితే తెలుస్తుంది. పంచాయతీలకు రాజ్యాంగ హోదా, మహిళలకు వాటిలో రిజర్వేషన్ ఇచ్చిన 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ ఆమెకు అక్కడ అర్థమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తుకు ఫీజు కూడా లేదు. ఆ దరఖాస్తు ఎలా రాయాలో కూర్చోబెట్టి నేర్పే మాస్టారే కావాలి.

అందుకే విశ్వవిద్యాలయాలు చుట్టుపక్కల నాలుగైదు కాలేజీలను కలిపి, గుర్తింపు ఉన్న గైడ్లను పంచుకునే ఏర్పాటు చేయాలి. నెలకు రెండుసార్లు గైడే కాలేజీకి రావాలి, ఆ ప్రయాణ ఖర్చు విశ్వవిద్యాలయమే భరించాలి. ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులను నింపే బాధ్యత ప్రభుత్వానిది. ఇక భాష సంగతి. పంచాయతీ రికార్డులు తెలుగులోనే ఉంటాయి, ఊరివాళ్లు మాట్లాడేది తెలుగే. వ్యాసాన్ని తెలుగులో రాస్తామన్నవాళ్లను రాయనివ్వాలి, వైవా (మౌఖిక పరీక్ష) కూడా తెలుగులోనే పెట్టాలి. ఇంగ్లిష్ టెన్షన్‌తో మంచి పరిశీలన నోట్సులోనే ఉండిపోకూడదు.

పూర్తయిన వ్యాసం ఒక కాపీ కాలేజీ లైబ్రరీకి, ఇంకొకటి ఆ పంచాయతీ ఆఫీసుకు చేరాలి. వచ్చే ఏడాది అదే ఊరి నుంచి ఆనర్స్‌కు వచ్చే పిల్లలు దాన్ని చదివి, అక్కడి నుంచి తమ పని మొదలుపెడతారు.