పెట్టె చిన్నది, దస్త్రం పెద్దది

తెల్ల పొణికి చెక్కతో చేసిన కొండపల్లి దశావతారాల బొమ్మలు బెర్లిన్‌లో ఒక ఇంటికి చేరాలంటే ముందు వాటికో అట్టపెట్టె కావాలి. బొమ్మ కదలకుండా చుట్టూ కుక్కిన కాగితం, మూతకు అంటించిన టేపు, చిరునామా చీటీ ఆ పెట్టెతో పాటే పోతాయి. కొన్నవారు పెట్టె విప్పి బొమ్మల్ని షోకేసులో పెట్టుకున్నాక మిగిలేదంతా చెత్తే. మరి ఆ చెత్త ఎవరిది? పారేసినవారిది కాదు, దేశంలోకి పంపినవారిది అంటుంది జర్మనీ చట్టం. దాన్ని సేకరించి, వేరుచేసి, మళ్లీ వాడకంలోకి తెచ్చే ఖర్చు అమ్మినవారే పెట్టుకోవాలంటుంది. ఆ సూత్రంతో మాకు పేచీ లేదు. దాన్ని అమలు చేస్తున్న తీరు మీదే మా అభ్యంతరమంతా.

సూత్రం ఊరికే పుట్టలేదు. చెత్త పూడ్చే స్థలాలు నిండిపోతున్నాయని పట్టణాలు మొత్తుకుంటున్న రోజుల్లో, 1991లో, అప్పటి పర్యావరణ మంత్రి క్లౌస్ టోప్ఫర్ ప్యాకింగు మీద ఉత్తర్వు తెచ్చారు. మునిసిపాలిటీల చెత్త సేకరణకు సమాంతరంగా, కంపెనీల సొమ్ముతో నడిచే రెండో వ్యవస్థ మొదలైంది. జర్మన్ల ఇళ్ల ముందు కనిపించే పసుపు సంచులు దాని పుణ్యమే. రుసుము కట్టినందుకు గుర్తుగా ప్యాకెట్ల మీదికి ఆకుపచ్చ చుక్క వచ్చింది. మన దగ్గర ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంటే శాకాహారమని అర్థం. అక్కడ చెత్త ఖర్చు కట్టేశారని అర్థం. అయితే కట్టేవారు కడుతుంటే, కట్టకుండా అదే సంచిలో తమ ప్యాకింగు పారబోయించుకున్నవారూ పుట్టుకొచ్చారు. ఆన్‌లైన్ అమ్మకాలు పెరిగేకొద్దీ ఈ ఎగవేతా పెరిగింది. 2019 జనవరి 1న కొత్త ప్యాకేజింగ్ చట్టం అమల్లోకి వచ్చింది అందుకే. ‘లూసిడ్’ అనే బహిరంగ రిజిస్టరు కూడా దానితోనే వచ్చింది. అందులో ఎవరి పేరు ఉందో, ఎవరిది లేదో ఎవరైనా వెతికి చూడొచ్చు. పోటీ వ్యాపారి కూడా చూస్తాడు, లాయరు నోటీసు పంపిస్తాడు. పేరు నమోదు చేసుకోకపోతే లక్ష యూరోల దాకా, చెత్త సేకరణ సంస్థతో రుసుము ఒప్పందం లేకపోతే 2 లక్షల యూరోల దాకా జరిమానా పడొచ్చు. ఇంతలోపు పంపితే వర్తించదన్న మినహాయింపు లేదు. మొదటి పెట్టె నుంచే లెక్క.

2022 జులై 1 నుంచి కాపలా బాధ్యతను ఆన్‌లైన్ మార్కెట్లకు అప్పగించారు. అమెజాన్, ఈబే, ఎట్సీ లాంటి వేదికలు తమ దగ్గర అమ్మేవారి లూసిడ్ నమోదు నంబర్లు సరిచూడాలి, లేకపోతే జర్మనీకి అమ్మనివ్వకూడదు. గోదాముల్లో సరుకు ఉంచుకొని పంపిపెట్టే సంస్థలకూ ఇదే కట్టడి. ఫ్రాన్స్ అదే ఏడాది జనవరి 1 నుంచే ఇలాంటి పద్ధతి మొదలుపెట్టింది. ఎగవేతదారుల్ని పట్టడానికి ఇంతకన్నా సులువైన మార్గం లేదన్నది నిజమే. కానీ వేదికలు మనుషుల్ని పెట్టి ఈ పని చేయించవు, యంత్రంతో చేయిస్తాయి. నంబరు గడి ఖాళీగా ఉంటే అమ్మకం ఆగిపోతుంది. ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందో, పంపుతున్నది వంద కంటెయినర్లా, నాలుగు పెట్టెలా అని యంత్రం అడగదు.

లెక్క వేసి చూద్దాం. ఒక కళాకారుడు ఏడాదికి 40 పెట్టెలు జర్మనీకి పంపుతాడనుకుందాం. ఒక్కో పెట్టె 200 గ్రాములైతే మొత్తం 8 కిలోల అట్ట. దానికి పడే అసలు రుసుము సెంట్లలో లెక్కపెట్టే చిల్లరే. ఆ చిల్లర కట్టడానికి అతను లూసిడ్‌లో స్వయంగా నమోదు కావాలి. తర్వాత లైసెన్సు ఉన్న సేకరణ సంస్థల్లో ఒకదానితో ఒప్పందం రాసుకోవాలి. అట్ట ఎంత, ప్లాస్టిక్ ఎంత అని వేర్వేరుగా తూచి, ఆ సంస్థకూ లూసిడ్‌కూ రెండుచోట్లా ఒకే అంకె చెప్పాలి. పాత పెట్టెనే మళ్లీ వాడినా, దానికి ముందే రుసుము కట్టినట్టు ఆధారం చూపలేకపోతే మళ్లీ కట్టాల్సిందే. పొదుపుగా ఇంట్లో దాచుకున్న పెట్టెకు ఆధారం ఎక్కడి నుంచి తెస్తాడు? చెత్తకు కట్టేది చిల్లర, కాగితాలకు కట్టేది నోట్లు.

ఇదంతా ఒక్క జర్మనీ సంగతి. ఆస్ట్రియాకు అమ్మాలంటే 2023 జనవరి నుంచి విదేశీ వ్యాపారి అక్కడ అధీకృత ప్రతినిధిని పెట్టుకోవాలి, ఆ అధికార పత్రాన్ని నోటరీ ధ్రువీకరించాలి. స్పెయిన్‌కు 2022 డిసెంబరులో జారీ అయిన సొంత డిక్రీ ఉంది. ఫ్రాన్స్‌కైతే ‘ట్రిమాన్’ గుర్తు వేసి, ఏ ముక్క ఏ డబ్బాలో వేయాలో ఉత్పత్తితో పాటు చెప్పాలి. ఇటలీకి ప్యాకింగు మీద పదార్థపు కోడ్ కావాలి. ఫ్రాన్స్ గుర్తు స్వేచ్ఛా వాణిజ్యానికి అడ్డమని 2023 ఫిబ్రవరిలో ఐరోపా కమిషనే ఆ దేశం మీద చర్యలు ప్రారంభించింది. సరిహద్దు గేట్లు ఎత్తేశామని గర్వపడే సమాఖ్యలో అట్టపెట్టెకు మాత్రం ప్రతి ఊరి పొలిమేరలోనూ సుంకం చావడి ఉందన్నమాట!

ఈ గందరగోళాన్ని సరిదిద్దడానికే ఐరోపా సమాఖ్య 1994 నాటి ఆదేశాన్ని పక్కనపెట్టి, 27 దేశాలకూ నేరుగా వర్తించే ప్యాకేజింగ్ నియంత్రణను తెచ్చింది. 2025 ఫిబ్రవరి 11న అది చట్టంగా అమల్లోకి వచ్చింది, అందులోని నిబంధనలు వర్తించడం మొదలయ్యేది మాత్రం 2026 ఆగస్టు 12 నుంచి. అందులో మెచ్చుకోదగ్గ సంగతులున్నాయి. ఆన్‌లైన్‌లో పంపే పెట్టెలో ఖాళీ స్థలం సగానికి మించకూడదన్న నిబంధన 2030 నుంచి రాబోతోంది. గాలి సంచులు, బుడగల ప్లాస్టిక్, కుక్కిన కాగితం కూడా ఖాళీ కిందే లెక్క. అగ్గిపెట్టెంత వస్తువును బూట్ల పెట్టెలో పెట్టి, మిగతా చోటంతా గాలితో నింపి పంపే అలవాటుకు ఇది సరైన మందు. వేర్వేరు దేశాల గుర్తుల బదులు అంతటికీ ఒకే గుర్తు 2028లో రావాల్సి ఉంది. 2022లో సమాఖ్యలో తలకు 186.5 కిలోల ప్యాకింగు చెత్త తేలింది. దాన్ని 2018తో పోల్చి 2040 నాటికి 15 శాతం తగ్గించాలన్నది లక్ష్యం. ఇంత బరువు మోస్తున్నవారు కళ్లెం బిగించడంలో తప్పు పట్టడానికేమీ లేదు.

ఆ బరువు ఎక్కడి నుంచి వస్తోందో కూడా వారికి తెలుసు. 150 యూరోల లోపు విలువ ఉన్న పార్సెళ్లు 2024లో 460 కోట్లు సమాఖ్యలోకి వచ్చాయని కమిషన్ లెక్క, అంటే రోజుకు కోటీ ఇరవై లక్షలు. పదింట తొమ్మిది చైనావే. ఆ వరదకు అడ్డంగా వేసిన వలలోనే ఏటికొప్పాక లక్క బొమ్మ, పోచంపల్లి చీర, పెడన కలంకారీ దుప్పటి కూడా చిక్కుకున్నాయి. వరదలో వచ్చేవారికి ప్రతి దేశంలో లాయర్లను, ప్రతినిధులను పెట్టుకోవడం పెద్ద ఖర్చు కాదు, కోట్ల పెట్టెల మీద పంచితే పైసల్లో తేలిపోతుంది. నలభై పెట్టెలవాడికి అదే ఖర్చు బొమ్మ ధరను మించిపోతుంది. చిన్నవాడు తప్పుకుంటే పెద్దవాడికి పోటీ తగ్గుతుంది తప్ప చెత్తేమీ తగ్గదు.

కొత్త నియంత్రణ ఈ తేడాను కొంత గుర్తించింది. ఏడాదికి 10 టన్నుల లోపు ప్యాకింగు వాడేవారికి లెక్కల సమర్పణ తేలిక చేసింది. కానీ రిజిస్టర్లు దేశానికొకటి చొప్పున అలాగే ఉంటాయి, దేశానికో ప్రతినిధి నిబంధనా ఉంది. ఆ ప్రతినిధి భారాన్ని ఐరోపాలోని వ్యాపారుల మీద నుంచి ప్రస్తుతానికి తీసేద్దామని కమిషన్ 2025 డిసెంబరులో ప్రతిపాదించింది. బయటి దేశాల చిన్న అమ్మకందారుల ఊసు అందులో లేదు. మ్యూనిక్‌లోని దుకాణదారుకు బరువైనది మచిలీపట్నంలోని దుకాణదారుకు తేలికెలా అవుతుంది? ఒకే మార్కెట్ అన్నప్పుడు ఒకే రిజిస్టరు ఉండాలి, ఒకే చోట లెక్క చెప్పాలి, ఏడాదికి కొన్ని కిలోల లోపు పంపేవారి నుంచి ఒకేసారి ఒక చిన్న మొత్తం తీసుకొని వదిలేయాలి. సరుకు విలువ 150 యూరోల లోపున్న పార్సెళ్ల అమ్మకపు పన్నుకు 2021 జులై నుంచి ఒకే కిటికీ పద్ధతి నడుస్తూనే ఉంది. పన్ను వసూలుకు కుదిరిన ఏర్పాటు చెత్త రుసుముకు కుదరదంటే నమ్మలేం.

మనవైపూ తప్పుంది. తిలా పాపం తలా పిడికెడు. మన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలకు 2022 ఫిబ్రవరిలో చేసిన సవరణ కూడా ఉత్పత్తిదారుల బాధ్యతనే చెబుతుంది. అమ్మకపు వేదికల్ని, బ్రాండ్ల యజమానుల్ని లెక్కలోకి తీసుకొని సూక్ష్మ, చిన్న సంస్థల్ని బయటే ఉంచింది. చిన్నవాడి విషయంలో మన నిబంధన దయగలదే. పెద్దల చేత దాన్ని ఎంత గట్టిగా పాటిస్తున్నామో హైదరాబాద్ శివార్లలోని జవహర్‌నగర్ చెత్తగుట్టను ఒకసారి చూసొచ్చినవారికి వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ ఆ అలవాటు లేకపోవడం వల్లే నమోదు నంబరు అడుగుతూ అమ్మకపు వేదిక నుంచి వచ్చే మెయిల్ మనవారికి పిడుగులా తోస్తుంది. జర్మనీలో ఉంటూ, ఇంటి నుంచి చీరలు తెప్పించి ఆన్‌లైన్‌లో అమ్మే తెలుగువారికీ ఈ చట్టం వర్తిస్తుంది. సరదా వ్యాపారం, వారాంతపు వ్యాపారం అన్న సాకు పనికిరాదు.

తెలియనితనం మీద బతికే దళారులూ తయారయ్యారు. లూసిడ్‌లో నమోదుకు పైసా ఖర్చు లేదు, పైగా దాన్ని వ్యాపారి స్వయంగా చేయాలే తప్ప మరొకరికి అప్పగించడానికి వీల్లేదు. అదే పనికి రుసుము అడిగేవారిని కనిపెట్టి దూరంగా ఉండాలి. ఎగుమతులు పెంచుతామని రెండు తెలుగు రాష్ట్రాల పరిశ్రమల శాఖలు తరచూ సభలు పెడుతుంటాయి. ఆ సభల్లో దీని మీద తెలుగులో నాలుగు పేజీల కరపత్రం పంచినా చాలామందికి దారి దొరుకుతుంది.

తపాలా శాఖ ‘డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు’ నడుపుతోంది. చేతివృత్తులవారు కస్టమ్స్ పత్రం నింపి సరుకు పంపేది అక్కడి నుంచే. ఆ కౌంటరు మీద తూకం ఉంటుంది, పార్సెల్ మొత్తం బరువు చూసి రసీదు ఇస్తారు. ఖాళీ పెట్టెను, దానిలో కుక్కే సామగ్రిని కూడా అదే తూకం మీద ఒకసారి పెట్టి, అట్ట ఎంత, ప్లాస్టిక్ ఎంత అని ఒక చీటీ రాసిస్తే, బెర్లిన్‌లో అడిగే అంకె మచిలీపట్నంలోనే సిద్ధమవుతుంది.