చతుర్ముఖ గ్రేటర్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ నాలుగు ముఖాల చీజ్ గ్రేటర్ (అనగా చీజ్ తురుముకునే డబ్బా) గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం, నా కుడిచేతి వేళ్ల కణుపులు తప్ప. తమరు కూడా సింకు కింద అరలో, ఏ గిన్నెలోనూ ఇమడక, ఏ గిన్నెనీ తమలో ఇమడనివ్వక, తలుపు పూర్తిగా పడనివ్వకుండా క్షేమంగానే ఉన్నారని తలుస్తాను.

ఇక అసలు సంగతి. బ్రహ్మగారికి నాలుగు ముఖాలున్నాయంటే ముఖానికో వేదం ఉంది. తమరి ముఖాలకి ఏముందండీ? పెద్ద కన్నాల ముఖం సంగతి నేను కాదనను, వంటింట్లో మీ పేరు నిలబెడుతున్నది అదొక్కటే. మెత్తటి చీజ్, ఓ మోస్తరు గట్టి చీజ్, క్యారెట్, ఏదైనా అక్కడే. సన్న కన్నాల ముఖం పని చేస్తుంది గానీ ఏడుస్తూ చేస్తుంది. గీతల ముఖం చీజ్‌ని బిళ్లలుగా కోస్తానంటుంది, కోస్తుంది కూడా, ఒక పక్క కాగితమంత పలుచగా, ఇంకో పక్క అట్టంత మందంగా. చాకు ఉన్న ఇంట్లో దానికి ఉద్యోగం ఎవరిచ్చారో తెలీదు.

నాలుగోది ముళ్ల ముఖం. రేకుకి లోపల్నించి పొడిచి, చీలిన అంచుల్ని నక్షత్రాల్లా బయటికి వదిలేశారు, అంతే, అదే డిజైన్. గట్టి చీజ్‌ని పొడి చేయడానికి, నిమ్మతొక్క గీకడానికి, జాజికాయ అరగదీయడానికి అంటారు. చేస్తుంది, ఎందుకు చెయ్యదు. కాకపోతే తురిమినదాంట్లో సగం ఆ ముళ్ల మధ్యే కాపురం పెడుతుంది, దాన్ని ఖాళీ చేయించడానికి తురిమినదానికంటే ఎక్కువసేపు పడుతుంది. ఆ పని మీద స్పాంజి పెట్టి రుద్దినవాళ్లకి చివరికి చేతిలో స్పాంజి తురుము మిగులుతుంది.

మీ వంశం మాత్రం చిన్నదేం కాదు, ఒప్పుకుంటాను. గ్రీసులో లెఫ్కాండి అనే చోట క్రీస్తుపూర్వం తొమ్మిదో శతాబ్దం నాటి యోధుల సమాధుల్లో ఆయుధాలతో పాటు కంచు గ్రేటర్లు కూడా దొరికాయి. ట్రాయ్ యుద్ధ కథలో అలసిపోయి డేరాకి వచ్చిన ముసలి గ్రీకు రాజు నెస్టర్‌కి ద్రాక్షసారా కలిపి, దాని మీద మేకపాల చీజ్‌ని కంచు గ్రేటర్‌తో తురిమి ఇస్తారు. వీరులతో పాటు పూడ్చిపెట్టించుకునేంత హోదా అన్నమాట. అంత చరిత్ర ఉండి ఇన్ని వేల ఏళ్లలో మీరు సాధించినదేంటయ్యా అంటే, ఒక ముఖం సరిపోయే చోట నాలుగు పెట్టుకోవడం. లండన్‌లో 2014లో పూర్తయిన లెడెన్‌హాల్ భవనం ఉంది చూశారా, సుమారు 225 మీటర్ల ఎత్తు, దాని ఏటవాలు ఆకారం చూసి జనం ముద్దుగా చీజ్‌గ్రేటర్ అని పిలుస్తారు. కట్టిన ఏడాదే దాని భారీ ఉక్కు బోల్టులు విరిగి ముక్కలు కింద పడ్డాయి. మీ పేరు పెట్టుకున్నందుకు పై నుంచి ఏదో ఒకటి రాల్చాలి కదా.

మీ అసలు జబ్బు మాత్రం ముఖాల లెక్క కాదు, పళ్లు. చవకరకం గ్రేటర్లలో రేకుని అచ్చు యంత్రంతో గుచ్చి, కన్నం పక్కన పెదవిలా కొంచెం లేపి వదిలేస్తారు. ఆ పెదవి అంచు మందంగా ఉంటుంది, అది చీజ్‌ని కొయ్యదు, చింపుతుంది, నలుపుతుంది. నలిగిన చీజ్ ముద్దకట్టి కన్నాల్లో ఇరుక్కుంటుంది, మనం ఇంకా గట్టిగా నొక్కుతాం, నొక్కేసరికి ముక్క జారుతుంది, ఆ తర్వాత ఏం తురుముకుంటామో మీకు బాగా తెలుసు. ఇదంతా చేసి మీరేమో స్టెయిన్‌లెస్ స్టీల్ అని డబ్బా మీద గొప్పగా రాయించుకుంటారు. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టదని గానీ పదునుగా ఉంటుందని కాదు స్వామీ!

మీకు పోటీగా వచ్చిన సన్నటి పొడుగాటి ఆకురాయి తరహా గ్రేటర్ కథ విన్నారా? అది వంటింటి బిడ్డ కాదు. 1990ల్లో అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రంలోని ఒక కంపెనీ చెక్క అరగదీయడానికి తయారు చేసిన పరికరం అది, పళ్లని గుచ్చకుండా రసాయనంతో లోహాన్ని కరిగించి తీర్చారు, అందుకే అంచు బ్లేడులా పలుచన. కెనడాలో ఒక పనిముట్ల వ్యాపారి భార్య కేకు కోసం నారింజతొక్క గీకుతూ మామూలు గ్రేటర్‌తో విసిగిపోయి, 1994లో భర్త దుకాణంలోని ఆ చెక్క పనిముట్టు అందుకుంది. అంతే, వడ్రంగి సామాను కాస్తా వంటసామాను అయిపోయింది. మీరు మూడు వేల ఏళ్లుగా వంటింట్లో ఉండి చెయ్యలేని పని, చెక్కపొడి రాల్చుకునేది వచ్చి చేసింది. సిగ్గనిపించడం లేదా? దానితో గట్టి చీజ్ తురిమితే దూదిలా వస్తుంది, వేడిగా ఉన్నదాని మీద వేసీవెయ్యకముందే కరుగుతుంది. అందులో ఒక మోసమూ ఉంది లెండి. తురుము గాలి నింపుకుని పొంగి కనిపిస్తుంది, కప్పుతో కొలిస్తే తక్కువ పడుతుంది. గ్రాముల్లో తూచుకోవాలి.

అయితే దాన్ని నెత్తిన పెట్టుకోవడం కూడా నా ఉద్దేశం కాదు. మొజరెల్లా లాంటి మెత్తటి చీజ్‌లు దాని మీద పెడితే ఆ సన్న పళ్లన్నీ పూడుకుపోతాయి. అక్కడ మీ పెద్ద కన్నాలే దిక్కు. అది కూడా ముక్కని ఓ అరగంట ఫ్రీజర్‌లో పెట్టి, మీ మొహానికి కాస్త నూనె రాశాక. (మీకు ముందు మేకప్ చెయ్యాలన్నమాట.) పిడి తిప్పే డ్రమ్ము రకం ఉంది, వేళ్లకి క్షేమం, కానీ ముక్కని దాని నోట్లో పట్టేలా కోయడానికి చాకు, తర్వాత కడగడానికి విడిభాగాల ఊరేగింపు. రోజూ వాడేవాళ్లకి దాని ఓపిక ఉండదు.

కాబట్టి తేల్చి చెబుతున్నాను. ఇంటికి రెండు చాలు. ఒకటి పెద్ద కన్నాలది, పిడి చేతినిండా ఉండి, కింద రబ్బరు అంచు ఉన్నది, పై నుంచి అరచేత్తో నొక్కితే ఒరగనిది. ఇంకోటి ఆ పొడుగాటిది. కొనేముందు కన్నాల అంచుల్ని వెలుతురులో పట్టి చూడాలి, పెదవి మందంగా కనిపిస్తే అక్కడే వదిలేసి రావాలి. మూలల్లో రేకు మడతలు లోతుగా ఉన్నా అంతే, అక్కడ ఇరుక్కున్న చీజ్ వచ్చే పండక్కి కూడా అక్కడే ఉంటుంది.

ఈ గోలంతా ఎందుకు, ప్యాకెట్లో తురిమిందే కొనుక్కుంటాం అనేవాళ్లూ ఉన్నారు, మీ మీద కోపంతోనే. ఆ తురుము ముద్దకట్టకుండా పిండిపదార్థమో సెల్యులోజ్ అనే మొక్కల పీచు పొడో చల్లుతారు, అందుకే సాస్‌లో సాఫీగా కరగదు. కాబట్టి మీరు ఉండాల్సిందే, కానీ ఒళ్లు దగ్గర పెట్టుకుని.

కడగడం గురించి మా వాళ్లందరికీ చెప్పేస్తున్నాను, దాచడం లేదు. వేడినీళ్లు పోస్తే మీ మీదున్న చీజ్ కరిగి తీగలు సాగి రేకుకి ఇంకా అతుక్కుంటుంది. ముందు చన్నీళ్లు, వెంటనే, ఆరనివ్వకుండా. తర్వాత బ్రష్, పళ్లు ఎటు వాలి ఉంటే అటే, ఎదురు రుద్దకూడదు.

ఇట్లు,
రోజూ మీ ఎదుట నిలబడి బతిమాలే ఒక భోజనప్రియుడు

తా.క. ఈ ఉత్తరంతో పాటు ఒక జాజికాయ పంపుతున్నాను. అది మీ నాలుగో ముఖానికి. నెలరోజులు టైమ్ ఇస్తున్నాను, ఏదో ఒకటి చేసి చూపించమనండి.